మామయ్య తుడిచే గొలుసు

మా మామయ్య దర్జీ. కుట్టిన బట్టలు సైకిలు మీద తానే తీసుకెళ్లి ఇస్తాడు. నలిగిపోతాయని మడతపెట్టడు, పొడుగు సంచిలో వేసి క్యారియరు పక్కన గొలుసు వైపు వేలాడదీస్తాడు. రెండోవైపు స్టాండు అడ్డం.

ఆదివారం పొద్దున సైకిలు వరండాలో తలకిందులుగా నిలబెడతాడు. పాత టూత్‌బ్రష్‌ కిరసనాయిల్లో ముంచి గొలుసు రుద్దుతాడు. ఆరాక లింకుకో చుక్క మిషను నూనె వేస్తాడు. పెడల్ చేత్తో తిప్పి, నూనె లోపలికి దిగాక, పైనున్నదంతా గుడ్డతో తుడిచేస్తాడు. వేసిన నూనె తుడవడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ నమిలేశానన్న పొగరు నాకు. ఉద్యోగం లేదు. వాళ్లింట్లో తింటూ వాళ్లకే వంకలు పెట్టేవాణ్ణి.

ఓసారి ఆసుపత్రి నుంచి ఎనిమిది తెల్లకోట్లకు పని వచ్చింది. కొత్త నర్సులు సోమవారం తొమ్మిదింటికి చేరాలి. ఇవి నచ్చితే ఆసుపత్రి కుట్టుపనంతా ఇస్తామన్నారు. ఆ ఆదివారం మామయ్య మిషను మీంచి లేవలేదు. గొలుసు నేను చూస్తానన్నాను. కడిగాను. సగం సీసా నూనె ఒంపాను. తుడవలేదు, కావాలనే.

సోమవారం బయల్దేరిన మనిషి పది నిమిషాల్లో సైకిలు నడిపించుకుంటూ తిరిగొచ్చాడు. పంట్లాము కాలికి నల్లచారలు. సంచిలో గొలుసు వైపున్న కోటుకు జేబు కింద బొటనవేలంత నూనె మరక.

"అల్లుడు సైకిలుకి తలంటు పోశాడండీ," అంది అత్తయ్య.

"కుంకుడుకాయ రుద్దడం మరిచాడు," అని మామయ్య మిషను ముందు కూర్చున్నాడు. మరక మూసేలా రెండు జేబులూ విప్పి, పెద్దవి కత్తిరించి కుట్టాడు. ఆలోగా నేను గొలుసు తుడిచాను. నాలుగు గుడ్డలు నల్లబడ్డాయి. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది.

సంచి నా ఒళ్లో పెట్టి, వెనక కూర్చోబెట్టుకుని తొక్కాడు. తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా చేరాం.

పెద్ద నర్సు ఒక్కో కోటూ ఎత్తి చూసింది. "దీని జేబులేంటి, సంచుల్లా ఉన్నాయి?"

"లోపల నూనె మరక ఉందమ్మా. నేను గొలుసు తుడవలేదు. ఇవాళ్టికి వేసుకోమనండి, బుధవారానికి కొత్తది తెస్తాను," అన్నాడు మామయ్య.

ఆవిడ జేబు పైకెత్తి మరక చూసింది. తర్వాత ఆయన పంట్లాము చూసింది.

"బుధవారం టేపు కూడా తెచ్చుకోండి, మిగతావాళ్ల కొలతలు తీసుకుందురు. సైకిలు మాత్రం గేటు బయటే పెట్టండి."

బయటికొచ్చాక అడిగాను. "నేను చేశానని చెప్పొచ్చుగా మామయ్యా?"

"మా అల్లుడు చేశాడంటే, మీ అల్లుడేం చేస్తుంటాడని అడుగుతుంది. ఏం చెప్పమంటావురా?"

కోపం రావలసిన మాటే. రాలేదు. ఇంటిదాకా సైకిలు నేనే తోశాను, గొలుసు వైపు నడుస్తూ.