పదకొండు సెకన్లకో టిక్కు

సెంటినరీ కాలనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నేను టెక్నీషియన్ని. ఎలక్ట్రానిక్స్ కాలేజీలో నేర్చుకున్నాను, నోరు మాత్రం పుట్టింటి నుంచే వచ్చింది. మా ఎక్స్ఛేంజీని గోదావరిఖని ఎక్స్ఛేంజీతో కలిపేది ఒకటే కేబుల్. ఒక ఎండాకాలం కమాన్‌పూర్ దారిలో మట్టి తవ్వే బండి దాన్ని తెంపేసింది. మా ఆఫీసులో కేబుల్ అతికే పెద్దాయన, అందరికీ అన్న, గుంటలో కూర్చుని ఒక్క పూటలో అతికేశాడు. ఆయన రిటైర్మెంటుకు ఇంకా పది రోజులే ఉన్నాయి.

మర్నాటి నుంచి ఫోన్లో టిక్కు, టిక్కు. దవాఖానకు పంపే ఫ్యాక్సు సగం పేజీలో ఆగిపోయేది. అతుకు సరిగా లేదని మా ఆఫీసరు తేల్చేసి, అన్న మీద చార్జిషీటు టైపు చేయించాడు.

"ముప్పై ఏండ్లల్ల నా మీద ఒక్క కాయితం రాలే చెల్లె. పొయ్యేటప్పుడు గిదేంది?" అన్నాడు అన్న. నవ్వబోయాడు గానీ కుదరలేదు.

నాకు ఒళ్లు మండింది. ఫోను చెవికి ఆనించి చేతి గడియారం చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా పదకొండు సెకన్లకు టిక్కు. మళ్లీ పదకొండుకు టిక్కు. అతుకు వదులైతే తోచినప్పుడల్లా గరగరమంటుంది, ఇలా లెక్కపెట్టుకుని మొరాయించదు. నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్లాను.

"సార్, తప్పు అతుకుది కాదు. క్లాకుది."

"గడియారం తప్పు నడిస్తె ఫోనెట్ల ఖరాబైతదమ్మా?"

"టైమెంతయిందన్నది కాదు సార్. ఇద్దరు ఆడోళ్లు ఒక్క రోట్లె దంచంగ చూసిన్రా? ఒకరి దెబ్బ చూసి ఇంకొకరు ఎయ్యాలె. ఎవరి జోరు వాళ్లదైతె, కొన్ని దెబ్బలకోసారి రోకలికి రోకలి తాకుతది. మన ఎక్స్ఛేంజీ గోదావరిఖని క్లాకును చూసి నడవాలె. ఇప్పుడు దేని పెత్తనం దానిదే."

"మరి మార్చిందెవరు?"

"కనుక్కుంటా. వాడెవడో వాని పని చెప్తా."

అన్నను పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్లో మార్పుల చిట్టా తీశాను. మా క్లాకును ఖనితో పని లేకుండా సొంతంగా నడిచేలా మార్చింది కేబుల్ తెగిన రోజున. మార్చింది నేను.

అప్పుడు గుర్తొచ్చింది. ఖని లైను పోయింది కాబట్టి అలా మార్చడం న్యాయమే. అతుకు పడ్డాక తిరిగి మార్చాలని తర్వాతి షిఫ్టు వాళ్లకు రిజిస్టర్లో రాయాలి. పెన్ను తీసేలోపు షిఫ్టు అయిపోయిందని బొగ్గుగని సైరన్ మోగింది. మా దగ్గర సైరన్ మోగితే చేతిలోది చేతిలోనే వదిలేసి బస్సుకు ఉరుకుతాం. నేనూ ఉరికాను. మర్నాడు నాకు సెలవు.

"ఎవలు చెల్లె ఆ మొనగాడు?" అన్నాడు అన్న, తెర చదవడం రాక.

"మొనగాడు కాదన్నా. మొనగత్తె. నీ ఎదురుంగనె కూసున్నది."

రెండు మీటలు నొక్కి క్లాకును మళ్లీ ఖనికి కలిపితే టిక్కు ఆగిపోయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, కానీ ఆ కాయితం అన్న ఫైల్లో అలాగే ఉండిపోతుంది. వెళ్లి చెప్పేశాను. ఆఫీసరు ఆ కాయితం చించి, నన్ను సంజాయిషీ రాసివ్వమన్నాడు.

మూడు పేజీలు రాశాను. నా తప్పు ఒక పేజీ. అతుకు పడ్డాక రిజిస్టరు చూసి సంతకం పెట్టాల్సిన ఆఫీసరు ఎందుకు పెట్టలేదన్నది మిగతా రెండు.

"సంజాయిషీ అడిగితె నాకే చార్జిషీటు ఇచ్చినవేందమ్మా!" అని ఆఫీసరు తల పట్టుకున్నాడు. అక్కడే ఉన్న అన్న ఎంతగా నవ్వాడంటే, దగ్గు వచ్చి నీళ్లు తాగాల్సి వచ్చింది. సాయంత్రం ఆయన ఫైలు ఒక్క మచ్చ లేకుండా పై ఆఫీసుకు వెళ్లింది. నాది కాస్త లావైంది.