కైలాసం సారు మతిమరుపు

హెడ్ కానిస్టేబుల్ కైలాసం ఎవరింటికి వెళ్లినా ఏదో ఒకటి మరచిపోకుండా బయటికి రాడు. గొడుగు, టోపీ, నీళ్ల సీసా, ఏదైనా సరే. లాల్‌దర్వాజాలో ఒకరింట్లో లాఠీ మరచిపోతే వాళ్లు వారం రోజులు దానిమీద తువ్వాళ్లు ఆరేసుకున్నారు. ఇంకొకరింటి ముందు ఏకంగా బండి మరచిపోయి స్టేషన్‌కి నడిచొచ్చాడు. మర్నాడు వెళ్లి బండి తెచ్చుకున్నాడు సరే, చెప్పులు అక్కడ వదిలేశాడు. ఇదెక్కడి మనిషండీ బాబూ!

ఈ సంగతులేవీ సాయిప్రియకు తెలియవు. కాకినాడ నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డ మనస్తత్వ నిపుణురాలు. చావాలనుకునేవాళ్లతో ఎలా మాట్లాడాలో పోలీసులకూ అంబులెన్సువాళ్లకూ రెండు రోజులు శిక్షణ ఇవ్వడానికి వచ్చింది. మొదటి రోజు పాఠం మధ్యలో కైలాసం తలుపు తోసుకొచ్చాడు.

"మాఫ్ చెయ్యండి మేడం. మొఘల్‌పురాల ఒకలింట్ల కళ్లజోడు మరిచిన. తెచ్చుకునేసరికి లేటైంది."

"మరి కళ్లజోడేదండీ?"

కైలాసం జేబులు తడుముకున్నాడు. "నడుమ ఇంకో ఇంటికి పోయిన మేడం. ఆడ మరిచినట్టున్న."

క్లాసంతా గొల్లుమంది. గొడుగు, లాఠీ, బండి కథలన్నీ సాయిప్రియకు చెప్పేశారు. ప్రాణాలు కాపాడాల్సిన మనిషి ఈయనా!

రెండో రోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. గౌలిపురలో వేణుగోపాల్ అనే అతను మూడంతస్తుల మేడ పిట్టగోడ ఎక్కి నిలబడ్డాడట. నిన్న నవ్విన వాళ్లందరూ ఒక్కసారిగా "కైలాసమన్నే పోవాలె" అన్నారు. ఆయన్ని ఒక్కణ్నీ పంపడానికి సాయిప్రియకు మనసొప్పలేదు. తనూ జీపెక్కింది.

మేడమీద ఆమెను మెట్ల దగ్గరే ఉండమని, కైలాసం కాస్త దూరంగా నేలమీద చతికిలబడ్డాడు.

"తమ్మీ, చచ్చిపోదామని ఎక్కినవా?"

సూటిగా అడగమని నేర్పింది ఆమే. తీరా అడిగేసరికి ఆమే మెట్ల పక్క గోడ పట్టుకుంది.

"ఔ."

"గంత గోస ఏమొచ్చింది? చెప్పు, నాకేం తొందర లేదు."

"ఫొటో స్టూడియో బందైంది. ఇంట్ల ఊకె కూసుంటున్న. ఇంక నాతోని ఎవ్వరికేం పనున్నదన్నా?"

కైలాసం గంటసేపు విన్నాడు. ఒక్క సలహా ఇస్తే ఒట్టు. చివరికి వేణుగోపాల్ తనే దిగొచ్చి, పక్కన కూలబడి భోరున ఏడ్చాడు. ఆ సాయంత్రమే డాక్టరుకు చూపించి, ఇంటి దగ్గర అతని భార్య అమలకు ఒప్పజెప్పి, కైలాసం జీపెక్కాడు.

"అయ్యో, మీ టిఫిన్ డబ్బా వాళ్లింట్లోనే మరిచిపోయారండీ!" అంది సాయిప్రియ.

"మరువలే మేడం. పెట్టొచ్చిన."

"పెట్టి రావడమేంటి?"

"రేపు మల్ల పోయి చూడాలె కద, మనిషి ఎట్లున్నడో. పోలీసోడు ఊకె వస్తే గల్లీ అంత గుసగుస. పాపం, ఇంటోళ్లు సిగ్గుతోని చస్తరు. మతిమరుపోడు వస్తే నవ్వి ఊకుంటరు."

సాయిప్రియ సీట్లో ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్లుగా ఊరంతా నవ్విన నవ్వు ఇందుకా!

"అంటే గొడుగూ, లాఠీ, బండీ..."

"బండి నిజంగనే మరిచిన మేడం."

నెల తర్వాత ఆమె అదే హాల్లో మళ్లీ క్లాసు చెబుతుంటే వేణుగోపాల్ వచ్చాడు. ఆమె కంగారుగా ఎదురెళ్లింది.

"ఎలా ఉన్నారండీ?"

"నా సంగతి ఇడువుండ్రి మేడం. కైలాసం సారుకు మందేమన్న ఉన్నదా? ఈ నెలల మా ఇంట్ల ఎనిమిదిసార్లు మరిచిండు. మొన్న నేనే పోయి ఇచ్చొచ్చిన. మస్తు ఫికరైతున్నది."

సాయిప్రియ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. "మందు లేదండీ. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలంతే."

"గంతేనా? నేనున్న కద మేడం, సూస్కుంట," అంటూ వేణుగోపాల్ అప్పుడే గుమ్మం దాటుతున్నాడు. "ఇయ్యాల రెయిన్‌కోటు మరిచిండు. తడుస్తడు పాపం!"