వాకబుకు వెళ్లిన ఆదివారం

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో జాతకాలు కలిస్తే పెళ్లి పని సగం అయినట్టు. మిగతా సగం వాకబు. అంటే అబ్బాయికి తెలియకుండా అబ్బాయి గుట్టుమట్లన్నీ తెలుసుకోవడం. ఆఫీసు ముందు టీకొట్టులో మాట కలపడం, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని కదిలించడం, కింది అంతస్తువాళ్లతో లేని చుట్టరికం తవ్వి తీయడం. ఇప్పటివాళ్లు ఫోన్లో నాలుగు ఫొటోలు చూసి మనిషిని తేల్చేస్తున్నారు గానీ మా బాబాయికి అవేవీ ఆనవు. అసలు మా వంశంలో అందరికీ బీపీ కంటే ముందు అనుమానం వస్తుంది. నాకు ఇంకా చిన్నప్పుడే వచ్చింది.

అప్పుడు నేను మాదాపూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి, మియాపూర్‌లో అక్క ఫ్లాట్‌లోనే ఉండేవాణ్ని. రోజూ భోజనాలయ్యాక అమ్మకు ఫోన్ చేసి అక్క ఎన్నింటికి వచ్చింది, ఏం తింది, ఎవరితో మాట్లాడింది పూస గుచ్చినట్టు చెప్పడం నా రెండో ఉద్యోగం. (దీనికి జీతం లేదు. అప్పుడప్పుడు కాకినాడ నుంచి కాజాలు వచ్చేవి.) వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టే అక్క, కోకాపేటలో పనిచేసే ఒక అబ్బాయి ఫొటో చూసి, తలెత్తకుండా “సరే” అంది. సంతోషించాల్సింది పోయి ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడింది. “అంత తొందరగా ఒప్పుకుందంటే ఏదో ఉందిరా” అంది అమ్మ. ఇది తప్పిపోతే అక్క ఇక పెళ్లి మాటే ఎత్తనివ్వదని ఆవిడ భయం, చేస్తే ఏమవుతుందోనని ఇంకో భయం. దాంతో బాబాయిని బస్సెక్కించింది.

బాబాయి దిగిన మర్నాడే కోకాపేట వెళ్లి అబ్బాయి ఉండే చోట వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు. “సారు మంచోడే. అయితారం సాయంత్రం మాదాపూర్ల ఏదో క్లబ్బుకు పోతడు. గిటార్ డబ్బా ఏస్కొని పోతడు” అన్నాడట అతను. బాబాయి ఇంటికొచ్చి తలుపేసి, గొంతు తగ్గించి, “డబ్బాలో గిటారే ఉందని ఏమిట్రా గ్యారంటీ?” అన్నాడు. నాకూ అదే సందేహం వచ్చింది.

ఆదివారం రానే వచ్చింది. అక్క ఎప్పటిలాగే ఆఫీసులో సపోర్టు పని ఉందని మధ్యాహ్నమే వెళ్లిపోయింది. తనకి తెలియకుండా పని కానివ్వొచ్చని నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. సాయంత్రం మాదాపూర్‌లో నలుగుర్ని అడిగి ఆ క్లబ్బు పట్టుకున్నాం. క్లబ్బంటే ఎంత ఉంటుందో అనుకున్నాం, తీరా చూస్తే ఒక సందులో, టిఫిన్ సెంటర్ పైన ఇరుకు హాలు. ఊళ్లో కుర్రాళ్లు వాళ్ల వాళ్ల పాటలు వాయించుకోవడానికి వస్తారట. టికెట్ తీసుకోగానే గుమ్మం దగ్గర మనిషి బాబాయి చెయ్యి పట్టుకుని మణికట్టు మీద ముద్ర గుద్దాడు.

“ఎందుకయ్యా ఇది?” అన్నాడు బాబాయి ఉలిక్కిపడి.

“టికెట్ తీస్కున్నట్టు నిషానీ పెద్దాయనా. ఫికర్ జెయ్యకు, కడుక్కుంటే పోతది. జర లోపలికి పోండి, ఇగ షురూ అయితది.”

బాబాయి వెంటనే ఆ చేతిని జేబులో దాచేశాడు.

లోపల ఖాళీ ఉన్నది ఒక్కటే బల్ల. దాని దగ్గర అప్పటికే ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కాలరు వెనక మడతపెట్టిన చేతిరుమాలు, ముందు నిమ్మసోడా. మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. “మీకు తెలిసినవాళ్లు ఎవరైనా వాయిస్తున్నారాండీ?” అని అడిగాడు కార్డు దించకుండానే. “అబ్బే, సంగీతమంటే మాకు ప్రాణమండీ” అన్నాడు బాబాయి. “నాకూనండీ” అన్నాడాయన. అంతలో స్టేజీ మీద గిటారు ఒక్కసారి గీపెట్టింది. ఇద్దరు సంగీతప్రియులూ ఒకేసారి చెవులు మూసుకున్నారు.

పాడుతున్నది మన అబ్బాయే. ఫొటోలో నున్నగా ఉన్న మొహానికి ఇక్కడ గడ్డం, జుట్టుకు పిలక. సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయిన ప్రియుడి బాధ మీద పాట, జనం వెర్రెత్తినట్టు ఊగుతున్నారు. బాబాయి పాట వినడం లేదు, అబ్బాయి పక్కన స్టూలు మీదున్న స్టీలు గ్లాసునే చూస్తున్నాడు. ప్రతి చరణానికీ అబ్బాయి అందులోంచి ఒక గుక్క తాగి మొహం వికారంగా పెడుతున్నాడు. “చూశావా, గుక్క పడగానే ఎలా మారిపోతున్నాడో!” అని నా తొడ గిల్లాడు. వెనక చీకట్లో టోపీ పెట్టుకుని డ్రమ్స్ దడదడలాడిస్తున్న మనిషిని మాత్రం మెచ్చుకున్నాడు. “ఆ కుర్రాడెవడో గట్టివాడురా. చేతుల్లో పనుంది.” ఆ మాటకి పెద్దమనిషి బాబాయి వైపు అదోలా చూశాడు. ఆయన చూపు మొదట్నుంచీ ఆ డ్రమ్స్ మీదే ఉంది. పోలీసేమోనని నాకు అనుమానం. “పోలీసు నిమ్మసోడా తాగుతాడట్రా?” అని బాబాయి కసిరాడు.

పాటల మధ్యలో విరామం ఇచ్చారు. “వెళ్లి ఆ గ్లాసు వాసన చూసిరా” అన్నాడు బాబాయి. వెళ్లాను. అక్క జీవితం కదా! ఎవరూ చూడటం లేదనుకుని గ్లాసెత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. శొంఠి, మిరియాలు. ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. శుద్ధమైన కషాయం.

“ఏం చేస్తున్నావురా నువ్విక్కడ?”

డ్రమ్స్ వెనక నుంచి టోపీ తీసి నిలబడింది మా అక్క.

నా చేతిలో గ్లాసు జారిపోయింది. ఆ చప్పుడుకి బాబాయి పరుగెత్తుకొచ్చాడు, ఆయన వెనకే మెనూ కార్డుతో సహా ఆ పెద్దమనిషీ వచ్చాడు. ఆయన్ని చూసి అబ్బాయి “మావయ్యా!” అని కేక పెట్టాడు. పాపం ఆయన అబ్బాయి మేనమామ. అమ్మాయి ఆదివారాలు ఇక్కడ డ్రమ్స్ వాయిస్తుందని మా మియాపూర్ వాచ్‌మన్ చెబితే, మా అక్క మీద వాకబుకి వచ్చాడు. వచ్చాక స్టేజీ మీద సొంత మేనల్లుడు కనబడేసరికి దిక్కుతోచక కార్డు వెనక దాక్కున్నాడు.

“అయితే మీరిద్దరూ ముందే...” అని బాబాయి మాట మింగేశాడు.

“రెండేళ్ల నుంచీ బాబాయ్” అంది అక్క. “ప్రేమించామంటే రెండిళ్లలోనూ గోల. అందుకే ఇతను పెళ్లిసంబంధాల సైట్‌లో నా ప్రొఫైల్ వాళ్లమ్మ కంట పడేలా చేశాడు. తనే కనిపెట్టానని ఆవిడ అనుకుంది. మీరే కుదిర్చామనుకున్నారు. మీ అందరి సరదా ఎందుకు కాదనాలి?” (గోత్రాలు వేరని తేలిన రోజు వీళ్లు మిఠాయి పంచుకున్నారట. ప్రేమలో కూడా మావాళ్ల జాగ్రత్త పోలేదు.)

“ఈ సంబంధం లేదు, ఏమీ లేదు. పద!” అన్నాడు బాబాయి.

మేనమామ తల పంకించి, “అదే మంచిదండీ. డ్రమ్ములు వాయించే పిల్లని కోడలిగా తెమ్మని మా చెల్లెలికి ఏ మొహంతో చెప్పను?” అన్నాడు.

అంతే, బాబాయి గిర్రున తిరిగాడు. “ఏమిటండీ అన్నారు? మా పిల్లకేం తక్కువ? ఇందాకట్నుంచి రెప్ప వెయ్యకుండా చూసింది ఎవర్నండీ? ఆ చేతుల్లో పని మీ వంశంలో ఎవరికైనా ఉందా? మీవాడు సొమ్మసిల్లినట్టు పాడుతుంటే పాట నిలబెట్టింది మా అమ్మాయి!”

“మావాడి గొంతుకేమండీ?” అని ఆయన కూడా గొంతు పెంచాడు. ఇద్దరూ చెవులు మూసుకుని విన్న సంగీతం గురించి పావుగంట పోట్లాడుకున్నారు. ఆ ఊపులో సంబంధం వద్దన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

అప్పుడు నా ఫోన్ మోగింది. అమ్మ. అందరూ నా చుట్టూ మూగారు. బాబాయి మాటల్లో సగం తీసెయ్యాలని అమ్మకు తెలుసు, నా మాటే ఆవిడకు వేదం. అక్క మొహంలో నెత్తురు లేదు. అంత ధైర్యంగా దరువేసిన మనిషి నన్ను చూసి భయపడుతోంది! “నీకు చెబితే అమ్మకు చెప్పినట్టే కదరా. అందుకే రెండేళ్లూ దాచాను” అంది నెమ్మదిగా. ఆ మాటకి నాకు నిజంగా ఏడుపొచ్చింది.

“ఏరా, అబ్బాయి ఎలాంటివాడు?” అంది అమ్మ.

“బంగారం అమ్మా. పాటలు పాడతాడు, కషాయం తాగుతాడు.”

“చుట్టూ ఆడపిల్లలెవరైనా...?”

“ఒక్కళ్లు కూడా లేరమ్మా” అన్నాను అక్క కళ్లల్లోకి చూస్తూ. అమ్మతో నేను ఆడిన మొదటి అబద్ధం అది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అరచెయ్యంతా కాయలు కాచి గరుగ్గా ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ, అంత నిఘా వేసీ, ఆ చేతిని ఒక్కసారైనా చూడలేదు నేను.

పెళ్లి ఘనంగా జరిగింది. “నేను చూసిన సంబంధం” అని అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది, మేం తల ఊపుతాం. ఆ రోజు నుంచి అక్క నా దగ్గర ఏదీ దాచదు. మొన్న కూడా ఫోన్ చేసి, బావ ఈమధ్య ఊరికే నవ్వుకుంటున్నాడని, ఏదో ఉందని, వెళ్లి ఒకసారి చూసి రమ్మని గంటసేపు చెప్పింది. అక్క నన్ను నమ్మలేదని ఆ రోజు ఏడుపొచ్చిన సంగతి గుర్తొచ్చి నవ్వుకుంటూ చొక్కా వేసుకుని బయల్దేరాను.