అది ఉద్యమం దెబ్బ కాదు, మల్లేష్

నిన్న పగలు పదకొండు దాటాక ఫోన్ వచ్చింది.

బంద్ వల్ల బస్సులు లేవు. సర్వపిండి డబ్బా పట్టుకుని సరూర్‌నగర్ నుంచి నడుచుకుంటూ ఎల్బీ నగర్ చౌరస్తా దాకా వచ్చాను. మల్లేష్ ఉన్న హాస్పిటల్ ఇంకా అరగంట నడక.

ఫోన్‌లో మా ఆయన ఒకటే మాట అన్నాడు. "ఇగ ఉరుకకు. నిమ్మలంగ రా."

అర్థమైంది. అక్కడే డివైడర్ మీద కూలబడ్డాను.

సర్వపిండి రొట్టె తినాలనుందని మల్లేషే అడిగాడు. డబ్బా ఇంకా వేడిగానే ఉంది.

మల్లేష్ మా మరిది. ఇరవై ఆరేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్ రిపేర్ షాపులో పని. నాకు ఈ అకౌంట్ తెరిచింది వాడే. నా ఫొటో పెట్టడానికి సిగ్గుపడితే మందార పువ్వు పెట్టాడు. "గీ పువ్వెనక మనిషున్నదని జనాలకు ఎట్ల తెలుస్తది వదినె? జర ఒక్క ముక్కన్న రాయి" అనేవాడు. ఏడో తరగతి చదివినదాన్ని, నేనేం రాస్తానని ఊరుకున్నాను.

ఇదే నా మొదటి పోస్ట్.

సిగ్గుపడే విషయమే రాస్తున్నాను. ఎవరైనా తిట్టుకున్నా సరే.

పోయినేడు బతుకమ్మకు ముందు ఎల్బీ నగర్‌లో తెలంగాణ కోసం రాస్తారోకో జరిగింది. పోలీసులు తరిమితే మల్లేష్ ఉరుకుతూ డివైడర్ మీద పడ్డాడు. వారం తరువాత ఉప్పు మూట కాచి ఇవ్వమన్నాడు. "తొడ పట్టేసింది వదినె."

తొడ కాదని వాడి నడక చూస్తేనే తెలిసింది. మా ఆయనతో చెప్పాను. ఆయన గట్టిగా అడిగితే అసలు మాట బయటపడింది. ఒక పక్క బీజం, అంటే వృషణం, గట్టిపడి వాచింది. నొప్పి లేదు. బరువుగా ఉందంతే.

"దెబ్బ వాపు అన్న, అదే తగ్గుతది" అన్నాడు. మా ఆయన సరేనన్నాడు.

మా ఇంటి ఓనర్ గుంటూరు వైపు పెద్దాయన. మెట్ల మీద వీడి నడక చూసి ఆపాడు.

"నొప్పి లేదని ఊరుకోకూడదయ్యా. నాకు ప్రోస్టేట్ వాచి ఒంటేలు సరిగ్గా రాకపోతే, సిగ్గుపడి రెండేళ్లు దాచాను. చివరికి పూర్తిగా ఆగిపోయి ట్యూబ్ వేయాల్సొచ్చింది. నువ్వు రేపే వెళ్లి చూపించుకో."

"మీది వయసు వాపు సారూ. మాది ఉద్యమం వాపు. తెలంగాణ ఒచ్చిననాడు తగ్గుతది."

పెద్దాయనకు కూడా నవ్వొచ్చింది. నేనూ నవ్వాను.

అప్పటికే వాడు దీక్షా శిబిరంలో మైక్ పట్టుకుని అది లాఠీ దెబ్బ అని చెప్పేశాడు. దోస్తులు దండ వేశారు. ఇక డాక్టర్ దగ్గరికి పోతే, ఆయన అది దెబ్బే కాదంటే?

అందుకే పోలేదు. నేను మాత్రం రోజూ ఉప్పు మూట కాచి ఇచ్చాను.

ఉగాది దాటాక దగ్గు, నడుము నొప్పి మొదలయ్యాయి. అప్పుడు ముగ్గురం వెళ్లాం.

"ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని డాక్టర్ అడిగాడు.

"నెల అయితుంది సార్."

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. దాదాపు ఏడు నెలలని నాకు తెలుసు. మగవాళ్ల మధ్య నోరు రాలేదు.

స్కాన్ చూశాక అది క్యాన్సర్ అని డాక్టరే చెప్పాడు. దెబ్బ వల్ల క్యాన్సర్ రాదట. దెబ్బ తగిలినప్పుడు తడిమి చూసుకుంటారు, అప్పటికే ఉన్న గడ్డ చేతికి తగులుతుందట. తొలి రోజుల్లో వస్తే ఆ ఒక్క బీజం తీసేస్తారు, చాలామంది బాగైపోయి పిల్లల్ని కూడా కంటారట. మల్లేష్‌కు అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది.

వాడు నా వైపు తిరిగి, "ఇంత జేసింది గని, జర నొప్పన్న పెట్టకపాయె వదినె" అన్నాడు.

మందు ఎక్కించారు. జుట్టంతా పోయింది. దోస్తులకు మాత్రం దెబ్బే ముదిరిందని చెప్పాడు.

నిన్న సాయంత్రం దహనం అయిపోయింది. ఈ పొద్దున దోస్తులు వచ్చారు. ఫ్లెక్సీ డిజైన్ ఫోన్‌లో చూపించారు. వాడి ఫొటో కింద, లాఠీ దెబ్బకు ప్రాణమిచ్చిన వీరుడు అని ఉంది. చౌరస్తాలో కడతారట.

మా ఆయన తల ఊపాడు.

నేను కర్టెన్ వెనక నిలబడి ఉన్నాను. ఐదేళ్ల కాపురంలో ఇంటికొచ్చిన మగవాళ్ల ముందుకు చాయ్ ఇవ్వడానికే వచ్చాను. ఈరోజు ఉత్త చేతులతో వచ్చాను.

"అట్ల రాయకుండ్రి. లాఠీ దెబ్బ కాదు. బీజంల క్యాన్సర్. ఏడు నెలలు దాచిండు. నేను గూడ దాచిన."

ఒకతను, "ఇజ్జత్ పోతది వదినె. పోయినోని గురించి గట్లనే చెప్తరా?" అన్నాడు.

"మీరు దెబ్బ అని రాస్తే, గసొంటి వాపున్నోడు అది సూసి ఇంట్లనే కూసుంటడు."

మా ఆయన నన్ను తిడతాడనుకున్నాను. వాళ్ల వైపు తిరిగి, "ఫ్లెక్సీ వద్దు" అన్నాడు.

అందరూ లేచి పోయారు. ఒక్కడు చెప్పులు తొడుక్కోకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. పేరు రాయను. నేల చూస్తూ అడిగాడు.

"నొప్పి లేకున్నా సూపించుకోవాల్నా వదినె? చిన్నదే. శనగ గింజంత."

మా ఆయన చొక్కా వేసుకున్నాడు. మైల ఉన్నన్నాళ్లు ఎక్కడికీ పోకూడదంటారు. అయినా అతన్ని బండి ఎక్కించుకుని హాస్పిటల్‌కు వెళ్లాడు.

వాళ్లు వెళ్లి రెండు గంటలైంది. ఇంకా ఫోన్ రాలేదు. ఫోన్ కోసం చూస్తూ ఇది రాస్తున్నాను.

అన్నలూ తమ్ముళ్లూ, స్నానం చేసేటప్పుడు ఒకసారి చేత్తో చూసుకోండి. గట్టిగా ఏదైనా తగిలితే, నొప్పి లేకపోయినా ఆ వారమే వెళ్లండి. పెద్దవాళ్లూ, ఒంటేలు ఆగి ఆగి వస్తున్నా, అందులో నెత్తురు కనబడినా దాచుకోకండి. డాక్టర్‌కు నెలలు సరిగ్గా చెప్పండి. మగమనిషి చెప్పకపోతే, పక్కనున్న ఆడమనిషీ, నువ్వు చెప్పు.

మల్లేష్, నీ దండ ఎవరూ తీయరు.

పువ్వెనక మనిషి ఉందని ఈరోజు తెలిసింది.

ఇక ఏ బరువూ లేకుండా నిమ్మలంగా పడుకో, నాయనా.