వియ్యాలవారి డబుల్స్

టెక్కలిలో ఆఫీసర్లు సాయంత్రాలు చేరే క్లబ్బుకి కూర్మనాథం ఇరవై రెండేళ్ళుగా మార్కరు. పొద్దున్నే టెన్నిస్ కోర్టు అలికి, సున్నంతో గీతలు గీసి, నెట్టు బిగించి, సాయంత్రం ఆఫీసర్లకీ ప్లీడర్లకీ జీతానికి ఆట నేర్పేవాడు. నేర్పడం అనేది పైకి చెప్పుకునే మాట. అసలు పని, వాళ్ళ అడ్డదిడ్డపు దెబ్బలకి అటూ ఇటూ పరిగెత్తి, చివర్లో ఎవరికీ అనుమానం రాకుండా ఓడిపోవడం. ఉద్దానంలో కొబ్బరితోట పనికి ఒళ్ళు వంగదని తండ్రి తరిమేసిన మనిషి ఈ పనిలో ఇట్టే ఒదిగిపోయాడు. నలభై ఎనిమిదేళ్ళొచ్చినా కొత్త బంతి చేతికొస్తే వాసన చూడకుండా ఉండలేడు.

1927 వేసవిలో ఆ ఉద్యోగానికే ఎసరొచ్చింది. క్లబ్బు సెక్రటరీ కృష్ణారావుగారికి ఆట రాకపోయినా కొత్త ఆలోచనలకి మాత్రం లోటులేదు. జీతానికి ఆడే మార్కర్లకి మాత్రమే డబుల్స్ పోటీ పెడదామన్నాడు. చుట్టుపక్కల క్లబ్బుల్లోని మూడు జోడీలకి కబురు వెళ్ళింది.

"మన కూర్మనాథం గెలిస్తే ఉంటాడు. లేదంటే గెలిచినవాళ్ళలో ఒకణ్ణి తెచ్చుకుందాం. బరంపురం మార్కర్లు బ్రహ్మాండంగా ఆడుతున్నారట" అన్నాడాయన, కూర్మనాథం పక్కనే నిలబడి వింటున్నాడన్న ధ్యాసైనా లేకుండా.

పోటీకి రెండు రోజుల ముందు కూర్మనాథం జోడీ బంగారయ్యకి నడుం పట్టేసింది. ఇంత తక్కువ వ్యవధిలో రాకెట్టు పట్టగలవాడు ఒక్కడే దొరికాడు. బారువ రేవు బంగళాలో మార్కరు, సన్యాసయ్య. మంచి ఆటగాడు. కానీ కూర్మనాథానికి వియ్యంకుడు.

వియ్యంకుడంటే ఎంత జాగ్రత్తగా ఉండాలో కూర్మనాథానికి తెలిసొచ్చి ఏడాది కూడా కాలేదు. కూతురు పైడితల్లి పెళ్ళిలో విడిదికి పంపిన పనసతొనలు ఒక పళ్ళెం తక్కువయ్యాయి. అంతే, ఆ పిల్ల అత్తగారు రత్నాలమ్మ ఆరునెలలపాటు కోడలికి అన్నంతోపాటు ఆ పనసతొనల దెప్పులు కూడా వడ్డించింది. ఇక మాట కూడా తూలితే పిల్ల బతుకు ఏమవుతుందోనని అతనికి నిజంగానే భయం.

పోటీ రోజు రత్నాలమ్మ కోడల్ని వెంటబెట్టుకుని వచ్చి కంచె బయట నిలబడింది. మర్యాదలు అక్కడినుంచే మొదలయ్యాయి.

"మొదటి బంతి మీరెయ్యండి బావగారూ."

"అబ్బెబ్బే, మీ ఊరు, మీ కోర్టు. మీరెయ్యండి."

అంపైరు రెండుసార్లు గడియారం చూసుకుని, మూడోసారి కేకేశాడు. అప్పుడు ఇద్దరూ ఒకేసారి వెళ్ళారు.

మొదటి జోడీని ఎలాగో ఓడించారు. ఫైనల్లో బరంపురం వాళ్ళు ఎదురయ్యారు. మొదటి సెట్టు మనవాళ్ళదే. రెండో సెట్టులో అవతలివాళ్ళు ఒక రహస్యం కనిపెట్టారు. బంతి అంచులకి వేస్తే ఇద్దరూ పులులే. సరిగ్గా మధ్యకి వేస్తే మాత్రం "కొట్టండి బావగారూ" అని ఒకడు, "మీరే కానీండి" అని ఇంకొకడు, తలలు వంచి దారిస్తున్నారు. బంతి ఆ మర్యాద మధ్యలోంచి దర్జాగా వెళ్ళిపోయేది. రెండో సెట్టు మొత్తం అలా సమర్పించుకున్నారు. ప్లీడర్లు కుర్చీల్లో పొట్టలు పట్టుకుని నవ్వారు. కూర్మనాథం మాత్రం పళ్ళు బిగబట్టి, వియ్యంకుడికి ముందుగా సోడా అందించి, ఆయన తాగేదాకా ఎండలో నిలబడ్డాడు.

మూడో సెట్టులో అతనికి ఒక ఉపాయం తట్టింది. మధ్యకొచ్చే బంతుల్ని ఏ మాటా లేకుండా తనే కొట్టడం. ఇద్దరు మనుషుల పరుగు ఒక్కడే పరిగెత్తాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నా, ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు అనేదాకా లాక్కొచ్చాడు.

అప్పుడు బరంపురం వాళ్ళు బంతిని ఆకాశానికి లేపారు. అది సన్యాసయ్య నెత్తిమీదికి వస్తోంది. కూర్మనాథం ఇవతల అంచున ఉన్నాడు, కాలు కదలదు. వియ్యంకుడు ఈసారి కూడా తనవైపు చూసి దారిస్తాడని అనుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కొలువు ఆ బంతితోపాటు దిగుతున్నట్టనిపించింది. నోరు ఆగలేదు.

"ఒరే సన్యాసీ! కొట్టరా సచ్చినోడా!"

పాపం, సన్యాసయ్య ఆ ఒక్కసారే కొట్టడానికి చెయ్యెత్తాడు. ఆ కేక విని, ఎత్తిన చెయ్యి దించేసి, పక్కకి తిరిగి వియ్యంకుణ్ణి తేరిపార చూశాడు. బంతి అతని వీపు వెనక దిగి, సున్నపుగీతకి రెండు వేళ్ళ అవతల పడింది.

"ఔట్!" అన్నాడు అంపైరు.

గెలుపు మనవాళ్ళదే. జనం చప్పట్లు కొట్టారు. కృష్ణారావుగారు "ఉద్యోగం నీదేనయ్యా" అన్నాడు. కూర్మనాథానికి అదేమీ వినబడలేదు. సన్యాసయ్య బల్లమీద అటు తిరిగి కూర్చుని, తుండుగుడ్డ నెత్తిన కప్పుకున్నాడు. కూర్మనాథం వెళ్ళి చేతులు జోడించాడు.

"తప్పైపోనాది బావగారూ. కోపముంటే నన్ను తిట్టండి, కొట్టండి. పిల్లనేటీ అనకండి."

సన్యాసయ్య తుండుగుడ్డ నెత్తిమీంచి తీశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"మా పెద్దన్న పోయి తొమ్మిదేళ్ళయినాది. అప్పట్నుంచి నన్ను ఒరే అనీవోడు లేడు బావా. వియ్యంకుణ్ణయినాక మరీనీ. మీ ఇంటికొత్తే పీటేసి, దూరంగా కూకోబెట్టి, నన్నో పంతులుగార్ని సేసేత్తన్నారు."

ఈలోగా రత్నాలమ్మ కంచె దాటి విసవిసా వచ్చింది.

"ఏటన్నయ్యగారూ, మా ఆయన్ని సచ్చినోడా అంతారా? ఆ మాట అనీ హక్కు నాకొక్కర్తికే ఉంది!"

వెనకాల పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ ఆగలేక పకపకా నవ్వేసింది. అత్తగారి ముందు ఆ పిల్ల అలా నవ్వడం అదే మొదటిసారి. రత్నాలమ్మ కోడలివైపు గిర్రున తిరిగింది. తిట్టబోయి, తనూ నవ్వింది.

అప్పుడు తలకెక్కింది కూర్మనాథానికి, ఉద్యోగం నిలబడిందని. ఉన్నచోటే చతికిలబడి, అంతమంది ప్లీడర్ల ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

సన్యాసయ్య బల్ల దిగి పక్కన కూర్చుని, తన తుండుగుడ్డ అతని చేతిలో పెట్టాడు.

"లెగరా, అందరూ సూత్తన్నారు" అన్నాడు.