శోకం పెట్టని బిడ్డ

మా అవ్వ, నన్ను కన్న తల్లి, పోయి ఏడాది కావస్తోంది. ఆమె పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు, తర్వాతా రాలేదు. ఏడుపుతోపాటు పాట కూడా పోయింది. చెవిన పడుతుంది కానీ లోపలికి దిగదు. జ్వరమొచ్చి తగ్గాక అన్నం రుచి తెలియదే, అట్లా ఉంది. కామారెడ్డిలో నాకు జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. పొద్దంతా ఫోన్‌లో పాటలు పెట్టుకుని మిషన్ మీద కూర్చోవడం నా ఏళ్ళనాటి అలవాటు. ఇప్పుడు ఒక పాట అయిపోయి ఇంకొకటి మొదలైనా నాకు తెలియడం లేదు. జాకెట్ కొలతలివ్వడానికి వచ్చినామె ఒకరోజు, "అక్కా, పొద్దటిసంది గదే పాట తిరుగుతున్నది" అన్నది. చూస్తే నిజమే. ఆపేశాను. ఆపినా తేడా తెలియలేదు.

పాటల మీద ఇష్టం పోవడం పెద్ద కష్టమా అంటారేమో. నాకు పెద్దదే. నాకు గొప్ప చదువు లేదు, ఊళ్ళు తిరిగిందీ లేదు. నాకంటూ నేను కూడబెట్టుకున్నది ఆ ఒక్క ఇష్టమే. పాడటం రాదు. వినడం మాత్రం వచ్చు, అది కొంచెం గర్వంగానే చెప్పుకునేదాన్ని.

మాది ఎల్లారెడ్డి. మా అవ్వ నాట్ల కూలీ. నిజాంసాగర్ కాలువలో నీళ్ళు వదిలారంటే పొద్దున్నే ఆటోలో ఆడవాళ్ళంతా కుక్కుకుని మహమ్మద్‌నగర్ వైపు పోయేవాళ్ళు. ఆ ముఠాలో పాట ఎత్తేది మా అవ్వ. అంటే ముందు వరుస ఆమె పాడాలి, తర్వాతి వరుస మిగతావాళ్ళు అందుకోవాలి. అందరికంటే ముందుగా అందుకునేది మహమ్మద్‌నగర్‌కు చెందిన ఒకామె, మా అవ్వకు జోడు. ఆమెను నేను పెద్దమ్మ అనేదాన్ని.

నాట్లలో పాట ఊరికే పాడరు. పాట వేగాన్ని బట్టి చేతులు నడుస్తాయి. అందుకే మా అవ్వ ముఠా అంటే ఆసాములకు ఇష్టమూ ఉండేది, భయమూ ఉండేది. చాయ్ టైముకు పంపిన ఆసామి పొలంలో పాట ఉరుకులు పెట్టేది. చాయ్ ఎగ్గొట్టినవాడి పొలంలో అదే పాట నత్తనడక నడిచేది. గట్టు మీద నిలబడి ఆయన మొత్తుకున్నా, "పాట గంతే ఉన్నది పటేలా, మేమేం జేస్తం" అనేది అవ్వ.

ఇంట్లో మాత్రం ఆమె పాడేది కాదు. పాడమంటే, "పాట పనికి బిడ్డా. ఇంట్ల ఎందుకు?" అనేది. జోలపాట కూడా ఎరగను. సద్ది ఇవ్వడానికి పోయినప్పుడు గట్టు మీద నుంచి విన్నదే. దూరం నుంచి విన్నప్పుడు అది పాటలా కాక, ఇంజన్ మోటారు చప్పుడులా పొలానికి సంబంధించినదేదో అనిపించేది. ఆమె గొంతు బొంగురు. నాకు అది పాట కిందికి రాలేదు.

నా దృష్టిలో మొదటి పాట ఎదురింట్లోంచి వచ్చింది. ఎదురింటి భాయ్ దుబాయ్ నుంచి వస్తూ రెండు స్పీకర్ల టేప్ తెచ్చాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి, అన్నం తిని, అరుగు మీద దాన్ని పెట్టేవాడు. ఖవాలీలు, గజళ్ళు. నాకు ఉర్దూ బజారులో మాట్లాడేంతవరకే వచ్చు. అయినా ఆ గజల్ పాడేవాడు ఒకే మాటను మూడు నాలుగు రకాలుగా తిప్పుతుంటే, నేను మా గడపలో కూర్చుని చేస్తున్న పని మరచిపోయేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి అర్థం అడిగాను. భాయ్ సగం చెప్పి ఆగిపోయాడు. ఆ పాటంతా మందు గురించేనని వాళ్ళమ్మ లోపలి నుంచి నవ్వుతూ చెప్పింది. ఆయన ఆ నెలంతా నన్ను చూస్తే తల వంచుకుని పోయాడు.

అవ్వ కూడా వినేది, వద్దన్నా వినపడేది కదా. ఓ రోజు బురద కడుక్కున్న కాళ్ళతో అరుగు దగ్గర నిలబడి మొత్తం విని, "మంచిగనే ఉన్నది గని, గా పాటకు నాటేస్తే నారంతా ఎండిపోతది బిడ్డా" అన్నది. ఎవరి పాటైనా ఆమె తూకం అదే.

ఇంటర్‌కు కామారెడ్డికి బస్సులో తిరగడం మొదలయ్యాక నా రుచి మారింది. అప్పట్లో బస్సుల్లో డ్రైవర్లు టేపులు పెట్టేవాళ్ళు. ఒక డ్రైవర్ దగ్గర మంచి మెలొడీలు ఉండేవి, ఇంకొకాయన దగ్గర చెవులు పగిలే పాటలు. రెండో ఆయన బస్సు వస్తే మేమిద్దరు ముగ్గురు ఆడపిల్లలం ఎక్కకుండా ఆగిపోయేవాళ్ళం. క్లాసు పోయినా సరే. కామారెడ్డి స్టేషన్ దగ్గర ఖాళీ క్యాసెట్లో మనం అడిగిన పాటలు నింపి ఇచ్చే దుకాణం ఉండేది. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో వారం రోజులు ఆలోచించి చెప్పేదాన్ని. దుకాణం అతను విసుక్కునేవాడు. "ఏందమ్మా, పెండ్లి సంబంధం సూసినట్టు సూస్తున్నవు పాటలు" అనేవాడు.

పెళ్ళయి కామారెడ్డిలోనే స్థిరపడ్డాక, మిషన్ నేర్చుకున్నాక, ఫోన్లు వచ్చాయి. మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్నాను. అప్పటినుంచి నా రుచి ఎంత పెరిగితే పాటలో వాయిద్యాలు అంత తగ్గుతూ వచ్చాయి. చివరికి ఒక్క వేణువు, లేదా ఒక్క గొంతు, అంతే చాలనిపించింది. డప్పు మోత ఉన్న పాట వస్తే మొహం చిట్లించేదాన్ని. వినాయక నిమజ్జనానికి డీజే బండి మా వీధిలోకి వస్తే దుకాణం షట్టర్ దించేసేదాన్ని. ఇప్పుడు జానపదం ఫ్యాషన్ అయింది. నా దగ్గర లంగా ఓణీలు కుట్టించుకునే అమ్మాయిలు, జీవితంలో మడిలో కాలు పెట్టనివాళ్ళు, నాట్ల పాటకు డ్రమ్ములు కలిపిన దానికి చేతులు తిప్పుతూ వీడియోలు తీసుకుంటున్నారు. నవ్వొచ్చేది. అవ్వ పాటలు ఎంతో దూరం నడిచి మళ్ళీ నా దుకాణానికే వచ్చాయి. నేను మాత్రం వాటిని లోపలికి రానివ్వలేదు.

అవ్వ నాట్లకు పోవడం మానేసి చాలా ఏళ్ళయింది. మిషన్లే నాటుతున్నాయి, బిహార్ నుంచి వచ్చిన ముఠాలు నాటుతున్నాయి. ఆమె ఎల్లారెడ్డి ఇంట్లోనే మా తమ్ముడి దగ్గర ఉండేది. కామారెడ్డి వచ్చినప్పుడు నా మిషన్ పక్కన కూర్చుని గుడ్డ ముక్కలు ఏరేది. నా పాటలు వినేది, ఏమీ అనేది కాదు. ఓ మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నామె లేవలేదు. తమ్ముడు ఫోన్ చేశాడు. నేను చేతిలో ఉన్న జాకెట్ చంక కుట్టు పూర్తి చేసి, దారం తెంపి, అప్పుడు లేచాను. ఆ కుట్టు ఎందుకు పూర్తి చేశానో నాకు తెలియదు.

మా దగ్గర చావింట్లో ఆడవాళ్ళు ఊరికే ఏడవరు, శోకం పెడతారు. రాగం తీసి, పోయినామె ఏం చేసిందో, ఎట్లా బతికిందో, మనల్ని ఎట్లా సాకిందో వరుసలు కట్టి ఏడుస్తారు. వచ్చినామె మెడ చుట్టూ చేతులేసి ఒక వరుస అంటే, ఇంటి బిడ్డ ఇంకో వరుస అందుకోవాలి. తల్లి పోతే బిడ్డ శోకమే ముఖ్యం. బిడ్డ శోకం పెట్టని తల్లి అనాథ కింద లెక్క.

నేను ఎల్లారెడ్డి చేరేసరికి అవ్వ ఫ్రీజర్ పెట్టెలో ఉంది. తమ్ముడు కామారెడ్డి నుంచి తెప్పించాడు. ఆ పెట్టెకు స్పీకర్ ఉంటుంది, దాంట్లోంచి ఒకే భజన పదే పదే వస్తూ ఉంటుంది. తమ్ముడు దాన్ని బజారంతా వినబడేంత పెద్దగా పెట్టించాడు, తల్లికి లోటు చేయకూడదని. ఆడవాళ్ళు వచ్చి నా మెడ పట్టుకుని శోకం ఎత్తారు. స్పీకర్ మోతలో వాళ్ళ వరుసలు నాకు వినపడలేదు. నోళ్ళు కదలడం కనబడేది. పక్కింటామె నా చెవిలో, "ఏడ్వు బిడ్డా, లోపట వెట్టుకోకు" అంటూ భుజం గిల్లింది. నొప్పి కూడా పెద్దగా తెలియలేదు. ఆ భజన రాగంలో ఒకచోట శ్రుతి తప్పుతోందని గమనించాను. అదొక్కటే నాకు గుర్తుంది. తమ్ముడిని ఆపమనలేదు. పెట్టె తీసుకుపోయేదాకా అది మోగుతూనే ఉంది.

"బిడ్డ శోకం వెట్టలేదు సూడు" అన్న మాట నా వెనకే కామారెడ్డి దాకా వచ్చింది. అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళది నిజమే. బతుకమ్మ పండుగ వచ్చింది, చావు జరిగిన ఇల్లు కాబట్టి మేము ఎత్తలేదు. ఆ తొమ్మిది రోజులూ వీధిలో పాటలు సాగాయి. నేను మిషన్ తొక్కాను. నాకేం అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు భయమేసింది, అంతే. అవ్వ కోసం ఒక్క వరుస కూడా నాలోంచి రాకుండానే ఏడాది గడిచిపోతుందేమో, ఆ తర్వాత ఇక ఎప్పటికీ రాదేమోనని.

సంవత్సరీకానికి నాలుగు రోజుల ముందు ఇల్లు కడగడానికి ఎల్లారెడ్డి పోయాను. పొద్దున పదిగంటలప్పుడు మహమ్మద్‌నగర్ పెద్దమ్మ వచ్చింది. అవ్వ పోయినప్పుడు ఆమె కాలు విరిగి దెగ్లూరులో బిడ్డ దగ్గర ఉంది. ఇప్పుడే మళ్ళీ నడుస్తోంది. ఆలస్యంగా వచ్చినా పరామర్శ పరామర్శే. గడపలోనే కర్ర పక్కన పెట్టి, నా మెడ చుట్టూ చేతులేసి శోకం ఎత్తింది.

"పాట నువ్వు ఎత్తితివే నా జోడమ్మా
అందుకొన నేనుంటినే నా జోడమ్మా"

ఆగింది. నేను అందుకోవాలి. నాకు ఏమీ రాలేదు. చీపురు చేతిలోనే ఉంది. ఆమె కాసేపు చూసి, నా వంతు కూడా తనే కలుపుకుని ముందుకు పోయింది.

"బిడ్డ పాట నేర్సుకొని నా జోడమ్మా
నాట్లల్ల మమ్ముల పాడిపిస్తివే నా జోడమ్మా"

శోకం మధ్యలో ప్రశ్నలు అడగడం మర్యాద కాదు. అయినా అడిగాను, "ఏ పాట పెద్దమ్మా?" అని.

ఆమె టక్కున ఏడుపు ఆపి, కొంగుతో ముక్కు తుడుచుకుని మామూలుగా మాట్లాడింది. "దాని పేరు నాకేమెర్క బిడ్డా. నువ్వు బోళ్ళు తోముకుంట పాడుతుంటివట గద. మీ అవ్వ మాకు నేర్పింది. మన పాటలు ముసలియయినయే, నా బిడ్డది కొత్తది పాడుదమన్నది. దానికి నాటు జల్ది వడుతుండె."

అక్కడే కూర్చుని మొదటి వరుస పాడింది. నాట్ల రాగంలో ఉంది కాబట్టి వెంటనే గుర్తుపట్టలేదు. తర్వాత తెలిసింది. వానలో ఒక గొడుగు కోసం పిల్లా పిల్లాడూ కొట్లాడుకునే సినిమా పాట. ఇంతసేపూ నా ఇష్టాల కథ చెప్పాను కానీ ఆ పాట ఊసెత్తలేదు, ఎందుకంటే ఎత్తదగిన పాట కాదు. చవకబారు పాట. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఓ వానాకాలమంతా పాడి, తర్వాత ఎవరైనా గుర్తుచేసినా నాది కాదన్నట్టు ఉండేదాన్ని. నా గజళ్ళూ మెలొడీలూ వేణువులూ అన్నీ విని ఊరుకున్న మా అవ్వ, దాన్ని తీసుకుపోయి మోకాలి లోతు బురదలో పదిమంది ఆడవాళ్ళతో పాడించింది.

రెండో వరుస నాకు గుర్తుంది. మెల్లగా అన్నాను. పెద్దమ్మ తలూపి మూడోది ఎత్తింది. అది సినిమాలో లేదు.

"బస్సెక్కి బోయేటి నా బిడ్డ మీద
వానొస్తె గొడుగెవరు వట్టాలె"

"ఇది పాటలో లేదు పెద్దమ్మా" అన్నాను.

"నువ్వు రెండు వరుసలే పాడి ఇడిసిపెడుతుంటివట. తర్వాతియి మీ అవ్వ కట్టింది. నువ్వు కామారెడ్డి కాలేజీకి వోవట్టినంక."

"దీనికి అందుకునే వరుస ఏంది?"

"లేదు బిడ్డా. గంతవరకే. గాడ మీ అవ్వ ఆగుతుండె. మేమంత కొద్దిసేపు ఉత్తగనే నాటుతుంటిమి."

ఆ వరుసను మళ్ళీ ఒకసారి పాడమన్నాను. ఆమె పాడింది. నేనూ పాడాను, గొంతు బొంగురుగా వచ్చింది, బస్సు అన్న మాట దగ్గరే తెగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పాట రాలేదు, శోకం వచ్చింది. నాకు రాగం తెలుసని నాకే తెలియదు. వరుస మీద వరుస, అడగకుండానే, గడపలో కూర్చుని, బజారంతా వినబడేంతగా. పెద్దమ్మ ఒక్కొక్కటీ అందుకుంది.

బజారులో పోతున్న ఎవరో కొత్తామె గేటు దగ్గర ఆగింది. "అయ్యో, ఎవలు వోయిండ్రమ్మా?" అని అడిగింది.

పెద్దమ్మ నన్ను వదలకుండానే చెప్పింది, "ఈ పిల్ల తల్లి."