హీరో చొక్కా ఫొటో ఉంది, నా ర్యామ్ ఫొటో లేదు

సినిమాల్లో కంటిన్యుటీ చూడటం నా ఉద్యోగం. నిన్నటి షాట్‌లో హీరో చొక్కా చేతులు ఎన్ని మడతలు పెట్టి ఉంటే ఇవాళా అన్నే ఉండాలి. తేడా వస్తే తిట్లు నాకే.

ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ తొందరగా అయిపోయింది. ఇంట్లో ఎడిటింగ్ కోసం సొంతంగా బిగించుకుంటున్న కంప్యూటర్‌కి మదర్‌బోర్డు కొందామని శ్రీనగర్ కాలనీలో ఒక షాపుకి వెళ్ళాను. ప్రాసెసర్ పేరు గడగడా చెప్పేశాను.

"ర్యామ్ డీడీఆర్ ఫోరా, ఫైవా మేడం?" అన్నాడు షాపాయన. "ఒకదాని జాగల ఇంకోటి కూసోదు. సీల్ తీసినంక మేం వాపస్ తీసుకోం."

ర్యామ్ పోయిన వారం నేనే కొన్నాను, కానీ ఏ రకమో గుర్తులేదు. కంగారుగా ఫోన్ తీశాను. చొక్కా గుండీలు, చేతి గడియారాలు, సగం తాగిన టీ కప్పులు, నుదుటి మీద కట్లు... వందల ఫొటోలు. నా ర్యామ్‌ది ఒక్కటీ లేదు.

"మీరేం పని చేస్తరు మేడం?" అనడిగాడు.

ఫోన్ గబగబా బోర్లించాను.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ర్యామ్‌ని కిటికీ దగ్గర పెట్టి చూసి, "ఐదులాగే ఉందే, కళ్ళజోడు కనబడట్లేదు మరి" అంది. ఆ ఒక్క మాట మీద కొనేశాను.

ఇంటికొచ్చి చూస్తే ర్యామ్ మీదా ఐదే, మదర్‌బోర్డు డబ్బా మీదా ఐదే. పదిసార్లు చూసుకున్నాను. అయినా సీల్ తీయడానికి చెయ్యి రావడం లేదు. రెండూ పక్కపక్కన పెట్టి తీసిన ఫొటో కింద ఉంది. కాస్త మీరు కూడా చూసి చెప్పండి, కంటిన్యుటీ కుదిరిందా?